పాదం కొలిచిన బండి

ఆయన అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా కనబడదు. బళ్ళను కొలిచే ఆ ల్యాబులో అందరూ ఆయన్ని పాదం అంటారు. చిన్నవాళ్ళయితే పాదం బాబాయ్. ఇరవై రెండేళ్ళుగా ఆయన కుడిపాదం చేసే పని ఒక్కటే: రోలర్ల మీద నిలబెట్టిన కారును ఉన్నచోటే, అడుగు కదలకుండా, వందల కిలోమీటర్లు నడపడం. ఎదురుగా తెర మీద ఒక గీత పరుగెడుతుంది, ఎప్పుడు ఎంత వేగంతో పోవాలో చెబుతూ. బండి వేగం చూపే చుక్క ఆ గీత వెంటే పోవాలి. గీతకు పైనా కిందా కాస్త సందు ఉంటుంది. ఆ సందు దాటితే పరీక్ష చెల్లదు. దాటకుండా కింది అంచును రాసుకుంటూ పోగలిగితే మాత్రం అదే బండి, అదే చార్జింగుతో, పది ఇరవై కిలోమీటర్లు ఎక్కువ ఇస్తుంది. అలా పోవడం అందరికీ పట్టుబడదు. కంపెనీలవాళ్ళు పాదం గారే కావాలని అడిగి మరీ పెట్టించుకునేవారు. ఆయనకూ ఆ గర్వం ఉండేది. ఎందుకుండదూ, ఎవరికైనా ఉంటుంది.

ఇక చలిగది సంగతి. కరెంటు కారుకు చలి అసలు గిట్టదు. బ్యాటరీ మొద్దుబారిపోతుంది. పైగా లోపల కూర్చున్న మనిషికి వెచ్చదనం కూడా ఆ బ్యాటరీయే ఇచ్చి చావాలి. అందుకని కారును రాత్రంతా మైనస్ పన్నెండు డిగ్రీల్లో ఉంచి, పొద్దున్నే నడిపి, ఎంత దూరం వస్తుందో కొలిచి కాగితం ఇస్తారు. చల్లబడ్డ బండిని చల్లబడ్డట్టే నడపాలని రూలు. ల్యాబులో అలవాటు వేరు. పరీక్షకు గంట ముందు గోడ ప్లగ్గు తగిలించి బ్యాటరీనీ సీట్లనూ వెచ్చబెట్టేవారు. ఆ గంటలో బండి లాగిన కరెంటు ఏ లెక్కలోకీ రాదు, మీటరు బిగించేది ప్లగ్గు పీకాకే కాబట్టి. దీనికి వాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరు టీ పట్టడం.

"బండికి టీ పట్టారా?" అనేవాడాయన.

"పట్టాం బాబాయ్, స్ట్రాంగుగా," అనేది మీటర్లు చూసే అమ్మాయి. అందరూ ఆమెను మీటరమ్మ అంటారు.

నవ్వుకునేవారు. ఇది మోసం అని ఎవరూ అనుకోలేదు. జనం మాత్రం ఇంట్లో ప్లగ్గు దగ్గర వెచ్చబెట్టుకోరా ఏమిటి, అని ఒక సమాధానం సిద్ధంగా ఉండనే ఉంది. సమాధానాలకేం కరువు, ఎన్నైనా దొరుకుతాయి.

అలా టీ పట్టి, ఆ పాదం పెట్టి నడిపిన ఒక తెల్ల కారుకు రెండు వందల అరవై రెండు కిలోమీటర్లు వచ్చాయి. కాగితం మీద ఆయనే సంతకం చేశాడు. ఆ మోడలు బండినే ఒక డయాలసిస్ క్లినిక్కువాళ్ళు కొన్నారు, రోగుల్ని ఇళ్ళ నుంచి తెచ్చి మళ్ళీ దింపడానికి. ఆ బండికి డ్రైవరు ఆయన కూతురు.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం, ఆయన ల్యాబు క్యాంటీనులో అన్నం తింటుండగా కూతురు ఫోన్ చేసింది.

"నాన్నా, రేపు మైనస్ పదకొండట. కొండదారిలో మొత్తం రెండు వందల పది తిరగాలి. కాగితం మీద రెండు వందల అరవై రెండని ఉంది కదా, చాలుతుందా? మధ్యలో చార్జింగు పెట్టాలంటే ముసలివాళ్ళు గంటసేపు కూర్చోవాలి, పాపం."

చాలదని ఆయనకు తెలుసు. చలిలో, మామూలు మనుషుల కాళ్ళ కింద ఆ బండి ఎంత ఇస్తుందో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కానీ పక్కనే ల్యాబును నడిపే పెద్దసారు కూర్చుని పెరుగు కలుపుకుంటున్నాడు. ఎదురుగా మీటరమ్మ. నా అంకె తప్పని నా నోటితో నేనే ఎలా చెప్పను?

"చాలుతుంది అమ్మలూ. ఇంకో యాభై మిగులుతుంది కూడా."

మర్నాడు నూట డెబ్భై ఆరో కిలోమీటరు దగ్గర, కొండ మలుపులో, బండి ఆగిపోయింది. వెనక సీట్లో ఒక్క రోగే మిగిలి ఉంది, డెబ్భై నాలుగేళ్ళ రిటైరైన టీచరమ్మ. మంచు తోసే లారీ వచ్చేసరికి రెండు గంటల నలభై నిమిషాలు. ఆయన కూతురు తన కోటు తీసి ఆవిడకు కప్పింది, చేతులు రుద్దింది, వాటేసుకుని కూర్చుంది. ఏం లాభం? లారీవాళ్ళు తలుపు తెరిచేసరికి ఆవిడ పోయి అరగంట అయింది. చలికి చచ్చుబడిన కూతురి ఎడమచేతి రెండు వేళ్ళ కొసలు ఆస్పత్రిలో తీసేశారు.

అంతటితో అయిపోతే బాగుండేది. టీచరమ్మ కొడుకు కేసు పెట్టాడు. క్లినిక్కువాళ్ళు చక్కగా చేతులు దులుపుకున్నారు. "రెండు వందల అరవై రెండు ఇచ్చే బండిని చేతికిచ్చాం. తోలడం చేతకాక మధ్యలో ఆపేసింది," అని రాసిచ్చారు. విచారణ ఆఫీసరు ఆ బండినే మళ్ళీ కొలవమన్నాడు. రెండు వందల పది దాటితే నేరం డ్రైవరుది, జైలే. దాటకపోతే ఆమెకు సంబంధం లేదు.

పెద్దసారు పాదం గారిని గదిలోకి పిలిచి తలుపేశాడు. ఎండాకాలంలో కూడా మెడకు మఫ్లరు చుట్టుకునే మనిషి. చలి ఆయన దగ్గరకు వెళ్ళడానికే జంకుతుందని ల్యాబులో జోకు.

"నువ్వే నడపాలి. చలిగదికి లైసెన్సున్నది నీకొక్కడికే. ఆ పిల్ల నీ కూతురని ఆఫీసరుకి తెలీదు, మనం చెప్పొద్దు."

"సార్, టీ సంగతి నేనే చెప్పేస్తాను ఆయనకి."

"చెప్పు. కన్నతండ్రి మాట ఎవడు నమ్ముతాడయ్యా? నమ్మితే ఇంకా బాగుంటుంది, ఆ కాగితం మీద సంతకం నీదేగా. ఇంట్లో ఇద్దరూ లోపలికెళ్తారు." మఫ్లరు సర్దుకుని మెల్లగా అన్నాడు. "ఎప్పటిలా కానిచ్చెయ్. కూతురికి మంచి లాయర్ని నేను చూస్తాను."

ఆయన బయటికొచ్చాడు. ఆ మనిషిని గొంతు పట్టుకుని గోడకేసి కొట్టాలనిపించింది. మెట్లు దిగుతుంటే, అసలు కొట్టాల్సింది ఎవర్నో కూడా అర్థమైంది.

పరీక్ష రోజు పొద్దున ఐదింటికే వెళ్ళాడు. మీటరమ్మ ప్లగ్గు తీగ చేతిలో పట్టుకుని నిలబడి ఉంది.

"ఇవాళ టీ వద్దమ్మా."

"పెద్దసారు చంపేస్తారు బాబాయ్."

"నేను చూసుకుంటా. నువ్వు మీటరు ఇప్పుడే బిగించెయ్."

ఆమె ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసింది. తీగను చుట్ట చుట్టి మూల పడేసి మీటరు బిగించింది. పెద్దసారు ఆరింటికి ఆఫీసరును వెంటబెట్టుకుని అద్దాల గదిలోకి వచ్చాడు. మూలనున్న తీగను చూసి ఆయన మొహం మాడిపోయింది. పక్కనే ఆఫీసరు, ఏమనగలడు?

పాదం గారు కారెక్కాడు. సీటు మంచుగడ్డలా ఉంది. ఊపిరి వదిలితే అద్దం తెల్లబడుతోంది. మామూలు మనిషిలా తోలాలి, అంతే, అనుకున్నాడు. ఒకసారి ఎక్కువ తొక్కు, ఒకసారి ఠపీమని వదులు. ఇంతేగా, ఇందులో కష్టమేముంది?

పాదం మాట వినలేదు. గట్టిగా తొక్కుదామని వెళ్ళి మెత్తగా దిగింది. చుక్క దానంతటదే గీత కింది అంచుకు చేరి, అక్కడే అతుక్కుని పాకింది. తిట్టుకున్నాడు. పళ్ళు బిగించాడు. ఇరవై రెండేళ్ళు ముద్దు చేసి పెంచుకున్న పాదం, కూతురి పీకల మీదికొచ్చిన రోజున కూడా తన గొప్పే చూసుకుంటోంది.

తెర మీద గీత మొదటి చుట్టు పూర్తయింది. స్పీకర్లో మీటరమ్మ గొంతు. "ఇలాగే సాగితే... రెండు వందల పద్నాలుగు, బాబాయ్."

అద్దం అవతల పెద్దసారు మొదటిసారి నవ్వాడు. రెండు వందల పది దాటించడానికి రెండు వందల పద్నాలుగు చాలు. నాలుగు కిలోమీటర్లతో పిల్ల జైలుకు.

చుట్టుకూ చుట్టుకూ మధ్య పది నిమిషాల విరామం. ఆ పది నిమిషాలూ స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. పిల్ల ఎలా తోలి ఉంటుంది? ఇంటింటి దగ్గరా తలుపు తీసి, ముసలివాళ్ళను పట్టుకుని దింపి, మళ్ళీ ఎక్కి. తీసిన ప్రతిసారీ వెచ్చదనమంతా బయటికి. బూట్లలో మంచు, కాళ్ళు కొయ్యబారి.

కిటికీ అద్దం కాస్త దింపి ఉంది, మీటరు తీగలు లోపలికి రావడానికి. చలి రాకుండా ఆ సందులో గుడ్డ కుక్కడం కూడా ల్యాబు అలవాటే, ఏ రూల్లోనూ లేదు. ఆయన ఆ గుడ్డ పీకి పక్కన పడేశాడు. ముందున్న పెద్ద ఫ్యాను గాలి చెంప మీద కొట్టినట్టు లోపలికొచ్చింది. హీటరు గాలిని కాళ్ళ వైపు నుంచి అద్దం మీదికి తిప్పాడు. కుడికాలి బూటు విప్పాడు. సాక్సు కూడా విప్పాడు. వట్టి పాదం ఇనప పెడలు మీద పెట్టాడు.

రెండో చుట్టు సగంలో వేళ్ళు మంటపెట్టాయి. మూడో చుట్టుకు మంట ఆగిపోయింది. ఆ తర్వాత కాలు తనది కాదు. ఎంత తొక్కుతున్నాడో కళ్ళతో చూసుకుంటే తప్ప తెలియడం లేదు. చుక్క ఎగిరెగిరి పడుతోంది, సందు దాటకుండా మాత్రం ఆపుకుంటున్నాడు. హీటరు రొప్పుతోంది. లోపల చలి చలిగానే ఉంది. ఇదిగో, జనం తోలేది ఇలాగే, చూడండ్రా, అని అరవాలనిపించింది. ఏడ్చాడు కూడా. పక్క అద్దాలు తెల్లబడి ఉండటంతో బయటివాళ్ళకు కనబడలేదు.

నూట డెబ్భై తొమ్మిది దగ్గర బండి ఆగిపోయింది.

ఆఫీసరు చుక్క నడిచిన పట్టీ అంతా వేలు పెట్టి చూసుకున్నాడు. చుక్క ఎక్కడా సందు దాటలేదు. గుడ్డ తీయకూడదని రూలు లేదు, బూటు వేసుకోవాలనీ లేదు. సంతకం పెట్టాడు. పెద్దసారు మఫ్లరు విప్పి చేత్తో నలుపుతూ కూర్చున్నాడు. పాదం గారిని ఇద్దరు పట్టుకుని దింపారు. పాదం ఊదారంగు తిరిగి వాచిపోయింది.

వారం తర్వాత, బొటనవేలికి స్పర్శ ఇంకా రాకుండానే, కుంటుకుంటూ కాగితం తీసుకుని కూతురింటికి వెళ్ళాడు. ఆమె వంటగదిలో కూర్చుని ఉంది. కాగితాన్ని కుడిచేత్తో పట్టుకుని రెండుసార్లు చదివింది.

"నూట డెబ్భై తొమ్మిది."

"కేసు కొట్టేస్తారు అమ్మలూ. ఇంక నీ మీద ఏమీ ఉండదు."

"అయితే నాన్నా, నీకిది ముందే తెలుసా?"

దారి పొడుగునా కూర్చుకున్న సమాధానాలన్నీ నోటిదాకా వచ్చాయి. "తెలుసు," అన్నాడు.

"నేను ఫోన్లో అడిగినప్పుడు?"

"అప్పుడూ తెలుసు."

ఆమె కాగితం మడవబోయింది. కట్టున్న చేత్తో కుదరలేదు. ఆయన సాయానికి చెయ్యి చాపితే కాగితాన్ని తన వైపు లాక్కుంది.

"టీచరమ్మ ఆ రోజు క్లినిక్కు దగ్గర బండి ఎక్కనంది. చలి ఎక్కువగా ఉందమ్మా, ఈ పూటకి ఇక్కడే పడుకుంటాను, రేపు దింపుదువు గాని అంది. నేనే చెయ్యి పట్టుకుని ఎక్కించాను. భయం లేదండీ, ఇది మా నాన్న కొలిచిన బండి అన్నాను." ఆమె గొంతు ఎక్కడా పెరగలేదు. "ఆగిపోయాక కూడా నన్నొక్క మాట అనలేదు నాన్నా. మీ నాన్నకి ఫోన్ చెయ్యమ్మా, ఏం చెయ్యాలో ఆయనకి తెలుస్తుందిగా, అంది. నాలుగుసార్లు చేశాను."

ఆ నాలుగు కాల్స్ ఆయన ఆ సాయంత్రమే చూసుకున్నాడు. ఇన్నాళ్ళూ ఎవరితోనూ అనలేదు. ఆ వేళకు ఆయన ఫోను బయట అలమరలో ఉంది. ఆయన చలిగదిలో ఉన్నాడు, టీ పట్టిన ఇంకో బండిలో, కాళ్ళకు వెచ్చగా గాలి తగులుతుంటే, గీత కింది అంచును రాసుకుంటూ.