ప్రమీల పిలుపు

ఆళ్లగడ్డలో పగలు పన్నెండున్నరకు ప్రమీల అన్నం దించి, కంచం పెట్టి, పెరటి గడపలో నిలబడి మొగుణ్ని పిలుస్తుంది. చెన్నకేశవులు ఆ వేళకు శిరివెళ్ల దగ్గర చేలో ఉంటాడు. మధ్యలో ఎన్నో ఊళ్లు, బస్సులు తిరిగే రోడ్డు. అయినా పక్కన గట్టు మీద నిలబడి పిలిచినట్టే ఆయనకు వినబడుతుంది. చేతులు కడుక్కుని బండెక్కుతాడు.

వీధిలో ఎవరికైనా అవసరం పడితే ప్రమీల దగ్గరికే వస్తారు.

"అక్కా, మావోడు నంద్యాలలో ఫోను ఆపేసుకోని తిరుగుతాండాడు. ఒక కేక వెయ్యి."

"అన్నం అయిందా?"

"పొయ్యి మీద ఉండాది."

"దించినాక చెప్పుమా. వండకుండా పిలిస్తే అబద్ధమాడినట్లయితాది."

ఇంట్లో పిలుచుకునే పేరు కూడా కావాలి ఆమెకు. రేషన్ కార్డులో ఉండే పేరుతో ఎవరూ అన్నానికి రారు.

కూతురు సంధ్య నంద్యాల కాలేజీలో లెక్కలు చెబుతుంది. ఈ ఏడు ఎండాకాలం సెలవుల్లో తల్లిని శ్రీలంకకు తీసుకుపోయింది. కొండల మీద ఎల్లా అనే ఊళ్లో, దేశాలు తిరిగేవాళ్లు దిగే హాస్టల్. ఒకే గదిలో ఎనిమిది మంచాలు, రెండేసి ఒకదాని మీద ఒకటి. ముక్కూ మొహం తెలియని ఆడా మగా అందరూ అక్కడే పడుకోవడం చూసి ప్రమీల మొదటి రోజు దుప్పటి మొహం దాకా లాక్కుంది. రెండో రోజు పొద్దున వంటగదిలోకి పోయి, వెంట తెచ్చుకున్న బొరుగులతో ఉగ్గాని చేసింది. పోలండ్ నుంచి వచ్చిన మార్తా అనే నర్సు రెండుసార్లు పెట్టించుకుంది. ఇక ఆ గదిలో ప్రమీలకు కొత్తవాళ్లెవరూ లేరు.

పై మంచం మీది జపాన్ పిల్ల మాత్రం సరిగా తినలేదు. పేరు హరుకా. రోజూ పొద్దున ఒక ఫొటో పట్టుకుని తేయాకు తోటల వెంట పోయేది, సాయంత్రం బురద కాళ్లతో తిరిగొచ్చేది.

"ఏంది సంధ్యా, ఆ పాప ఎవరిని ఎతుకుతాంది?"

సంధ్య అడిగి వచ్చి చెప్పింది. "వాళ్లన్ననంట మా. నాయనతో కొట్లాడి తొమ్మిదేండ్ల కిందట ఇల్లు వదిలినాడు. పోయినేడు ఈ కొండల్నించి ఒక కార్డు రాసినాడంట, అడ్రసు లేదు. ఆడ అమ్మకు బాగలేదు. ఆస్పత్రిలో ఉండాది, కొడుకును చూడాలంటాంది. ఈ పాపకు రేపే విమానం."

ప్రమీల లేచింది. కొంగు దోపుకుంది. "ఇంట్లో ఆ పిల్లోణ్ని ఏమని పిలుస్తారో అడుగు."

"కెన్‌చాన్ అంట."

"బియ్యం కడుగు."

సంధ్యకు భయమేసింది. "అమ్మా, నువ్వు బళ్లారి దాటి ఎప్పుడూ పిలవలే. ఈడ సముద్రం దాటొచ్చినాం. ఆ పాప ఆశ పెట్టుకుంటే?"

"ఆకలికి సముద్రమేంది?" అంది ప్రమీల. అన్నదే గానీ పప్పు ఎనుపుతూ రెండుసార్లు కిటికీలోంచి కొండల వైపు చూసింది. తన నేల కాదు, తన గాలి కాదు.

అన్నం, పప్పు, చెనిక్కాయల పొడి. కంచం పెట్టి వాకిట్లోకి వచ్చేసరికి హాస్టల్ నడిపే ఆవిడ సంగతి తెలుసుకుని ఎదురై, పై గదిలో ఇద్దరు నిద్రపోతున్నారు, లేచాక పిలవండి అని కోరింది. ప్రమీల ఆగింది. వాళ్లు లేచి పళ్లు తోముకున్నారు. అప్పుడు పొగమంచు పట్టిన కొండల వైపు తిరిగి, నోటి పక్కన చెయ్యి పెట్టుకుంది.

"కెన్‌చానూ... అన్నానికి రాప్పా!"

హరుకా ఉలిక్కిపడి లేచి నిలబడింది.

ఒంటిగంట అయింది. రెండయింది. మార్తా ఆ రోజు చూడాల్సిన జలపాతం మానుకుని మెట్ల మీదే కూర్చుంది. ప్రమీల పప్పు రెండుసార్లు వెచ్చబెట్టింది, తను మాత్రం మెతుకు ముట్టలేదు. కంచం అట్లాగే ఉంది.

మూడు కావస్తుండగా గేటు దగ్గర ఒక మనిషి ఆగాడు. గడ్డం మాసింది. మోకాళ్ల దాకా ఎర్రమట్టి. రెండు కొండల అవతల కూరగాయల తోటలో పని చేస్తున్నాడట. మిట్టమధ్యాహ్నం పార పడేసి నడక మొదలుపెట్టాడట.

"ఆలస్యమైంది," అన్నాడు ఇంగ్లీషులో, తప్పు చేసినవాడిలా.

హరుకా పరుగెత్తి అన్న చొక్కా రెండు చేతులా పట్టుకుంది. ఏడుస్తూనే అమ్మ సంగతి చెప్పింది. అతను తల వంచుకుని విన్నాడు. నాయన మొహం ఎట్లా చూడాలని కాబోలు, గేటు వైపు ఒకసారి వెనక్కి చూశాడు.

"మాటలు తర్వాత. ముందు తిననీ," అంది ప్రమీల. ఆ మాట ఎవరూ తర్జుమా చేయలేదు. అతను చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. తల ఎత్తకుండా రెండు కంచాల అన్నం తిన్నాడు. మూడోసారి వడ్డిస్తుంటే చెల్లెలి వైపు తిరిగి, విమానంలో ఇంకో సీటు దొరుకుతుందా అని అడిగాడు.

హరుకా వెంటనే ఫోను తీసింది. ఆమె కళ్లు తుడుచుకునేలోగా మార్తా ఆ ఫోను అందుకుని తానే సీటు వెతికింది.

సంధ్య గుమ్మంలో నిలబడి తల్లిని చూస్తోంది. చీర మీద పప్పు మరకలు, నుదుట చెమట. ఈమె మా అమ్మ అని ఆ కొండలన్నిటికీ చెప్పాలనిపించింది.

కెన్‌చాన్ తలెత్తి, మీది ఏ ఊరు అన్నట్టు చెయ్యి ఊపి అడిగాడు.

"ఇండియా," అనబోయింది సంధ్య.

"ఆళ్లగడ్డ అని చెప్పు," అంది ప్రమీల, గరిటె పైకెత్తి.

"ఆరగడ్డ," అన్నాడతను శ్రద్ధగా, కంచం ముందుకు జరుపుతూ.