ఉప్పు కిటికీకి అర్థం

చెరువు బురద ఇంకా ఆరని మోటారును బల్లకు ఆనించి, తాతారావు అందులో మాడిపోయిన రాగితీగను పటకారుతో పట్టి లాగుతున్నాడు. కొల్లేటి వైపు చేపల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్ల మోటార్లు వేసవి వచ్చేసరికి వరసగా కాలిపోయి, ఏలూరులోని ఈ వైండింగు షాపుకు చేరతాయి. తీగ కదిలినప్పుడల్లా కాలిన వార్నీషు కంపు గుప్పుమంటోంది. యాభై దాటిన మనిషి. పొట్టిగా, నల్లగా, మెడ భుజాల్లోకి దిగిపోయినట్టుంటాడు. రాగి గీరిన గీతలు అరచేతుల్లోని అసలు గీతల్ని ఎప్పుడో చెరిపేశాయి. ఎంత కదలకుండా పనిచేస్తున్నా ఎడమ మడమ మాత్రం నేలను కొడుతూనే ఉంటుంది. ఒకప్పుడు డ్రమ్స్ వాయించాడనడానికి అతనిలో మిగిలింది అదొక్కటే.

జేబులో ఫోను మళ్ళీ గురగురమంది.

"నీ పాట సంగతే అయ్యుంటుంది, చూడు" అన్నాడు షాపు యజమాని వెంకట్రాజు. "మా అల్లుడు చెబుతున్నాడయ్యా, ఆ అమ్మాయి కొల్లేట్లో పడవ తిరగబడి పోయిందట కదా?"

"ఏ అమ్మాయండీ?"

"అదే, పాటలో అమ్మాయి."

"పాటలో అమ్మాయే లేదండీ రాజు గారూ."

"నీకు చెప్పి ఉండర్లే" అన్నాడు వెంకట్రాజు, జాలిగా.

తాతారావు పళ్ళు బిగించి తీగను ఒక్క గుంజు గుంజాడు.

కాలేజీలో చదివే రోజుల్లో తాతారావుతో కలిపి నలుగురు కుర్రాళ్ళు, ఒక అమ్మాయి తెలుగులో రాక్ పాటలు పాడదామని బయల్దేరారు. ఒక క్యాసెట్టు తీశారు. కొన్నవాళ్ళంతా చుట్టాలే. తర్వాత ఎవరి బతుకుతెరువు వాళ్ళది. నిరుడు ఎవరో ఆ క్యాసెట్టులోని ఒక పాటను యూట్యూబ్‌లో పెట్టారు. ‘ఉప్పు కిటికీ తీయొద్దు’ అని పాట రాసిన జాకబ్ బొంగురుగా అంటే, ‘పడవ నిండా వాన, పడవ నిండా వాన’ అని వీరదుర్గ సన్నగా అందుకుంటుంది. అంతే పాట. దానికి లక్షలమంది అర్థాలు చెప్పడం మొదలుపెట్టారు. పాటను వెనక్కి తిప్పి వింటే ఒక పేరు వినిపిస్తుందని ఒకడు. ఉప్పు అంటే మత్తుమందని ఇంకొకడు. పాడినమ్మాయి రికార్డింగయిన వారానికే కొల్లేట్లో మునిగిపోయిందనీ, ఆ బెంగతో పాడినతనూ పోయాడనీ మరొకడు. ఎవరికీ చెప్పినవాడు లేడు, చూసినవాడు లేడు. అయినా అందరికీ తెలుసు.

ఒళ్ళు మండి మొన్నొకసారి తాతారావే వీడియో కింద రాశాడు: ‘ఆ పాటకి డ్రమ్స్ వాయించింది నేనే. ఎవరూ మునిగిపోలేదు.’ నిమిషంలో జవాబు వచ్చింది: ‘సోర్స్ ఏంటి అంకుల్?’ దాని కింద ఇంకొకటి: ‘డ్రమ్మర్ కూడా చనిపోయాడు. ఇది ఫేక్ అకౌంట్.’

ఇప్పుడు ఫోను చేసింది వీరదుర్గ. కామవరపుకోట దగ్గర బడిలో తెలుగు టీచరు. ఏడాదికోసారి కూడా మాట్లాడుకోరు.

"తాతారావు గారూ, నేను చచ్చిపోయానంటున్నారండీ" అంది. "పిల్లలు బోర్డు మీద పడవ బొమ్మ వేసి పెడుతున్నారు. నేను క్లాసులోకి వెళ్ళగానే ఓ... అని దెయ్యంలా అరుస్తున్నారు. హెడ్మాస్టరు గారు కూడా ఏమిటమ్మా సంగతి అని అడిగారు. జాకబ్ గారిచేత ఒక్క వీడియో చెప్పించండి, పుణ్యముంటుంది." పెట్టేయబోతూ అడిగింది, "ఇంతకీ దాని అర్థం ఏమిటండీ?"

"కనుక్కుంటానండీ" అన్నాడు తాతారావు.

తనకు తెలుసనే అనుకుంటున్నాడు ఇన్నేళ్ళూ. అది జాకబ్ వీరదుర్గ మీద రాసుకున్న ప్రేమపాట. ఎవరూ చెప్పలేదు. జాకబ్ పాడుతూ ఆమె వైపు తిరిగిన తీరు చూసి వెనకనుంచి తనే తేల్చుకున్నాడు. తేల్చుకుని, తన మనసులో మాట మనసులోనే నొక్కేసుకున్నాడు. ఆమె వేరే ఎవరినో చేసుకుంది. తాతారావు మాత్రం అక్కగారి మేడమీద గదిలో ఒంటరిగా ఉండిపోయాడు. వైండింగు నేర్చుకున్నాడు.

ఒక పూట సెలవడిగి పాసింజరెక్కి తాడేపల్లిగూడెంలో దిగాడు. ఉల్లిపాయల మార్కెట్టు వెనక రెండు గదుల ఇంట్లో జాకబ్ దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. మార్కెట్టులో గుమాస్తాగా పనిచేసినవాడు ఊపిరితిత్తులు పాడై మంచం పట్టాడు. ముక్కుకు గొట్టం, పక్కన గురక పెట్టినట్టు చప్పుడు చేసే ఆక్సిజన్ మిషను. భార్య రత్నమాల ఫోను చూస్తూ కామెంట్లు పైకి చదువుతోంది. జాకబ్ ఆయాసపడుతూనే నవ్వుతున్నాడు.

"నేను పోయానట, నువ్వూ పోయావట. అయినా ఎంచక్కా కూర్చుని మాట్లాడుకుంటున్నాం, చూడరా."

"నీకు నవ్వులాటగా ఉంది. అక్కడ ఆవిడ బళ్ళో తలెత్తుకోలేకపోతోంది. ఆ కిటికీ ఏంటో, ఆ పడవేంటో ఒక్క ముక్క చెప్పి చావు!"

అన్నాక నాలిక కరుచుకున్నాడు. జాకబ్ పట్టించుకోలేదు.

"మన ప్రాక్టీసు గది ఉప్పుకొట్టు వెనకాల కదరా. ఆ కిటికీ తీస్తే మళ్ళీ మూతపడేది కాదు. రాత్రిళ్ళు నేనక్కడే పడుకునేవాణ్ణి. వానొస్తే పక్కంతా తడిసేది. తీయొద్దర్రా అని మీకెన్నిసార్లు చెప్పినా వినలేదు. అందుకని పాట రాశా."

"మరి పడవ?"

"పడవేంట్రా! పడక. పడక నిండా వాన అని రాశా. నా రాత చూసి వీరదుర్గ పడవ అని చదివింది. అలాగే పాడేసింది. నువ్వు ఆపకుండా వాయించేశావు. బాగానే ఉంది కదాని వదిలేశా."

తాతారావు మడమ ఆగిపోయింది.

"అంటే... ఆవిడ మీద రాసింది కాదా?"

"ఆవిడ మీదా? నాకెందుకురా అలాంటి..." జాకబ్ దగ్గుతూ అతని మొహంలోకి చూశాడు. నవ్వు మెల్లగా పోయింది. "ఒరేయ్. అదా నువ్వనుకున్నది?"

"చెప్పొచ్చు కదరా ముందే!" అని అరిచాడు తాతారావు. రత్నమాల ఉలిక్కిపడింది.

"నువ్వడగలేదు కదరా" అన్నాడు జాకబ్.

వీడియో తీద్దామంటే ఈ గడ్డంతో, ఈ గొట్టంతో వద్దన్నాడు. రేపు ఆదివారం, పొద్దున్నే రమ్మన్నాడు. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి "వీరదుర్గకు నువ్వే చెప్పు" అన్నాడు.

ప్లాట్‌ఫాం మీద నిలబడి ఫోను చేశాడు. పడక అనగానే వీరదుర్గ పగలబడి నవ్వింది. "తెలుగు టీచర్నండీ నేను! ఎక్కడా అనకండి!" నవ్వి నవ్వి ఆగాక, "అంతేనాండీ?" అంది. తర్వాత మెల్లగా, "మీరేమనుకునేవారండీ ఇన్నాళ్ళూ?" అంది.

పాసింజరు వస్తోంది. "నేనా... నేను వాయించేవాణ్ణండీ, అంతే" అన్నాడు.

షాపుకు తిరిగొచ్చి మోటారు ముందు కూర్చున్నాడు. కొత్త తీగ సగం చుట్టేసరికి రత్నమాల ఫోను చేసింది. "అన్నయ్య గారూ, నిద్రపోతున్నారనే అనుకున్నానండీ..." అంది. వెనక ఎవరో ఏడుస్తున్నారు.

దీపాలు పెట్టే వేళకు మళ్ళీ ఆ ఇంటికి చేరాడు. మిషను ఆపేశారు. ఆ చప్పుడు లేక గది వెలితిగా ఉంది. ఇరుగుపొరుగు వాళ్ళు గోడ పక్కన నిలబడ్డారు. వాళ్ళలో ఒకతను దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"ఆ పడవ పాట ఈయనదేనటగా? ఆ అమ్మాయి నిజంగానే..."

"పడవ కాదండీ, పడక" అన్నాడు తాతారావు.

"ఎవరు చెప్పారండీ?"

తాతారావు మంచం వైపు చూశాడు. జాకబ్ గడ్డం నున్నగా గీసి ఉంది. మంచం పైన మేకుకు, రేపటి కోసం అప్పుడే ఇస్త్రీ చేయించి తెప్పించుకున్న తెల్లచొక్కా, పైగుండీ ఒక్కటి పెట్టి వేలాడుతోంది.