బస్రా రాయి

మునసబు నరసరాజు గారు మా లంకలో పడవ దిగారంటే ఏదో ఒక పీడ వెంటబెట్టుకునే దిగుతారు. శిస్తు కోసమో, వెట్టి కోసమో, ఎవరినో ఠాణాకి పిలిపించడానికో. ఆసారి మాత్రం నవ్వుతూ దిగారు. నవ్వు చూడగానే నాకు ఒళ్లు మండింది.

"ఏమ్మా పెద్దింటమ్మా, మీ తోడికోడలేదీ? ఏలూరు నుంచి బడి ఆడపిల్లలు వస్తున్నారు, మీ రాయిని చూడ్డానికి," అన్నారు.

"రాయిని చూడ్డానికి పిల్లలు రావడమేమిటండీ? ఏలూరులో రాళ్లు లేవా?"

"నీ నోటికి దణ్ణం పెట్టాలి. దొరల యుద్ధం ఆగిన రోజు వస్తోంది, నవంబరు పదకొండు. ఆ రోజున దొరల సీమలో బడిపిల్లల్ని యుద్ధపు గుర్తుల దగ్గరికి తీసుకెళ్లి పూలు పెట్టిస్తారట. ఓడలెక్కి ఫ్రాన్సు దేశం దాకా పోతారట. మన పిల్లలు అంతదూరం ఎక్కడ పోతారు? దగ్గర్లో ఉన్నది మీ రాయి. దండ మాత్రం గంగారత్నం చేత వేయిద్దాం. చిన్నరాజు పెళ్లాం కదా, బాగుంటుంది."

గంగారత్నం తడిక వెనక నుంచి విన్నది. ఆయన వెళ్లగానే నా చెయ్యి పట్టుకుని, "చూశావా అక్కా, ఏలూరు నుంచి వస్తున్నారట," అంది. దాని ముఖం వెలిగిపోతుంటే నేనింక ఏమంటాను? ఆ రాయి అంటే దానికి దేవుడు.

ఆ సంగతి చెప్పాలి. చిన్నరాజు నా మరిది. కొల్లేటిలో ఎదురుగాలికి గెడ వేసి పడవ నడపాలంటే వాడి తరవాతే ఎవరైనా. పంతొమ్మిది వందల పదిహేడులో ఈ మునసబు గారే వచ్చి, బస్రా అనే ఊళ్లో పెద్ద యేరుందనీ, అక్కడ దొరల పడవలు నడపడానికి మనుషులు కావాలనీ చెప్పారు. తుపాకీ పట్టే పని కాదన్నారు. మా అత్త ఏడిస్తే, "నీ కొడుకుని తిరిగి తీసుకొచ్చే పూచీ నాది," అని అందరి ముందూ అన్నారు. మా లంక నుంచి చిన్నరాజు, మాలపల్లె నుంచి సీమోను, ఇస్సాకు, ముగ్గురూ వెళ్లారు. గంగారత్నం అప్పటికి కాపురానికి వచ్చి ఏడాదైనా కాలేదు. మనుషుల్ని పంపినందుకు సర్కారు వారు మునసబు గారికి గొలుసు గడియారం ఇచ్చారు.

యుద్ధం అయిపోయాక సీమోను ఒక్కడే వచ్చాడు. ఇస్సాకు జ్వరంతో తన ఒళ్లోనే పోయాడనీ, ఇసకలో పాతిపెట్టి వచ్చాననీ చెప్పాడు. "చిన్నరాజు గారిని ఆ యేటిలో ఇంకా పైకి, వేరే పడవ మీద పంపారమ్మా. మళ్లీ నేను చూడలేదు," అన్నాడు. చూడలేదన్నాడు గానీ పోయాడనలేదు. గంగారత్నం ఆ మాట పట్టుకుంది. కొన్నాళ్లు మునసబు గారి ఇంటి చుట్టూ తిరిగింది. ఆయన ఎప్పుడూ "కబురొస్తే చెప్పనా" అనేవారు.

ఆ తరవాత ఆయనే రేవు పక్కన ఇటికల దిమ్మె కట్టించి, తెల్లటి రాతిపలక బిగించారు. పలక మీద ఇంగ్లీషు అక్షరాలు. మా లంకలో తెలుగే రాదు, ఇంక ఇంగ్లీషు ఎవరికొచ్చు? ఏమిటండీ ఇది అంటే, "బస్రా వెళ్లినవాళ్ల గౌరవం కోసం సర్కారు వారు వేయించిన రాయి. జాగ్రత్తగా చూసుకోండి," అన్నారు. అంతే అన్నారు. ఆ మరుసటి శుక్రవారం గంగారత్నం తలంటుకుని వెళ్లి, రాయిని కడిగి, పసుపు రాసి, కుంకుమ పెట్టింది. వెళ్లినవాళ్ల రాయి కదా, వెళ్లినవాణ్ణి అదే కాపాడుతుందని దాని నమ్మకం. అప్పటినుంచీ వానైనా వరదైనా శుక్రవారం తప్పలేదు. రాయి వెలిసినప్పటినుంచీ మునసబు గారిని అడగడం కూడా మానేసింది. చూడగా చూడగా మిగతా ఆడవాళ్లూ మొదలుపెట్టారు. మొగుడు చేపల వేటకి పోయి పొద్దుపోయినా రాకపోతే, వెళ్లి ఆ రాతికి దీపం పెట్టేవాళ్లు.

దాని తల్లి కైకలూరు నుంచి మూడు సంబంధాలు తెచ్చింది. మా కులంలో మొగుడు పోతే మారుమనువు తప్పు కాదు. గంగారత్నం వినలేదు. "మొగుడున్నదానికి మనువేమిటమ్మా?" అని తల్లిని తిట్టి పంపేసింది. కాళ్లకి మట్టెలు, చేతుల నిండా గాజులు, రూపాయి కాసంత బొట్టు. మా లంకలో పేరంటమంటే ముందు దానికే పిలుపు, అంత కళగా ఉండేది ముఖం. కళ ఉంటే సరా, జుట్టు నెరవడం మొదలుపెట్టింది.

నవంబరు పదకొండున పొద్దెక్కాక రెండు పడవల్లో పిల్లలు దిగారు. ముప్ఫై మంది దాకా ఉంటారు. అందరి జాకెట్లకీ ఎర్ర కాగితం పువ్వులు గుచ్చి ఉన్నాయి. వాళ్లని తీసుకొచ్చిన పంతులమ్మ గారి పేరు రామలక్ష్మి, తాడేపల్లిగూడెం మనిషి. కళ్లజోడు పెట్టుకుని, నెమ్మదిగా మాట్లాడే తల్లి. మా అందరికీ దణ్ణం పెట్టారు. లంకలో ఆడవాళ్లంతా వేడుక చూడ్డానికి చేరారు. మగవాళ్లు, మా ఆయనతో సహా, కొల్లేటిలో వేటకి పోయారు.

పంతులమ్మ గారు పిల్లల్ని దిమ్మె చుట్టూ నిలబెట్టి, ఫ్రాన్సు దేశంలో ఎకరాలకి ఎకరాలు తెల్లటి రాళ్లు నాటి ఉంటాయనీ, ఒక్కో రాయి కింద ఒక్కో సిపాయి ఉంటాడనీ చెప్పారు. ఒక పిల్ల మా దిమ్మె కిందికి వంగి చూసింది.

"ఇక్కడ కింద ఎవరున్నారండీ?"

"ఇక్కడ ఎవరూ లేరమ్మా. ఇది గుర్తు మాత్రమే," అన్నారు పంతులమ్మ గారు. తరవాత రాయి వంక చూసి ఆశ్చర్యపోయారు. "పసుపేమిటండీ ఇంత దట్టంగా రాశారు?"

"మా గంగారత్నం రాస్తుందండీ," అన్నాను.

"ఎంత గౌరవమో చూశారా పిల్లలూ," అన్నారావిడ. పాపం, ఆవిడకేం తెలుసు.

పసుపు కింద అక్షరాలు కనబడటం లేదు. గంగారత్నం చెంబుతో నీళ్లు తెచ్చి, తన చేత్తోనే పలకని తోమి కడిగింది. పంతులమ్మ గారు వెంకటనరసమ్మ అనే పిల్లని ముందుకి పిలిచారు. రెండు జడల పిల్ల, పన్నెండేళ్లుంటాయి.

"దీనికి ఇంగ్లీషులో ఎప్పుడూ మొదటి మార్కే. చదివి, ఈ అమ్మలకి తెలిసేట్టు తెలుగులో చెప్పవే."

"ఇన్నాళ్లకి వింటున్నాం, గట్టిగా చదువమ్మా," అంది గంగారత్నం. మునసబు గారు గొంతు సవరించుకుని, "ఎండెక్కుతోంది, చదువులెందుకండీ, దండ వేయించేద్దాం," అన్నారు. అప్పటికే పిల్ల వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. ముందు ఇంగ్లీషులో గడగడ చదివింది. తరవాత మా వైపు తిరిగింది.

"మహాయుద్ధానికి ఈ గ్రామం నుంచి ముగ్గురు వెళ్లారు. వారిలో ఇద్దరు ప్రాణాలు అర్పించారు."

చెప్పి, మెచ్చుకుంటారని పంతులమ్మ గారి ముఖంలోకి చూసింది.

గంగారత్నానికి మొదట అర్థం కాలేదు. "ఇద్దరు కాదమ్మా, ఇస్సాకు ఒక్కడే. సరిగ్గా చూడు," అంది నవ్వుతూనే.

"సరిగ్గానే చదివానండీ. టూ అని ఉంది. టూ అంటే రెండు."

"పేర్లున్నాయా?"

"పేర్లు లేవండీ. ఎంతమందో అంతే ఉంది."

ముగ్గురు వెళ్లారు. సీమోను తిరిగొచ్చాడు. ఆ లెక్క మా అందరికీ ఒక్కసారే తెలిసింది. పంతులమ్మ గారు మా ముఖాలూ, గంగారత్నం నుదుటి బొట్టూ మార్చి మార్చి చూసి, "అయ్యో," అని నోరు కప్పుకున్నారు. మునసబు గారు మాత్రం కొల్లేటిలో బాతుల్ని మొదటిసారి చూస్తున్నట్టు అటు తిరిగి నిలబడ్డారు.

గంగారత్నం ఆయన దగ్గరికి వెళ్లింది. "బాబుగారూ, ఈ రాయి మీద ఏముందో మీకు ముందే తెలుసా?"

ఆయన జేబులోంచి గడియారం తీశారు.

"మాటలు తరవాత. పదకొండైంది. పోయినవాళ్ల కోసం రెండు నిమిషాలు ఎవరూ నోరెత్తకూడదు. దేశదేశాల్లో ఇదే పద్ధతి. పిల్లలూ, తలలు వంచండి," అన్నారు.

పిల్లలు తలలు వంచారు. పంతులమ్మ గారూ వంచారు. మేమూ నోరు మూసుకున్నాం, సర్కారు పద్ధతి అంటే అలవాటైన భయం. గంగారత్నం ఆయన ముందు అలాగే నిలబడి ఉంది. అప్పుడు జరిగింది నేనెన్నటికీ క్షమించను. దాని పక్కనే నిలబడ్డ సుబ్బాయమ్మ చప్పుడు కాకుండా ఒక అడుగు పక్కకి జరిగింది. దాని వెనక అచ్చమ్మ జరిగింది. తరవాత ఇంకొకతె. ఆ పొద్దున్నే దాని చేత పసుపు రాయించుకున్న ఆడవాళ్లే, తలలు వంచుకునే, ఒక్కొక్కరూ దూరం జరిగారు. రెండు నిమిషాలు అయ్యేసరికి దాని చుట్టూ ఒక మంచం పట్టేంత చోటు ఖాళీ అయింది. నేను వెళ్లి ఆ ఖాళీలో నిలబడ్డాను.

మునసబు గారు గడియారం మూయగానే అడిగాను. "ఇప్పుడు చెప్పండి. తెలుసా, తెలీదా?"

"కాగితం వచ్చింది. పడవ మునిగిందట. ఇన్నేళ్ల నాటి మాట ఇప్పుడెందుకు?"

"వచ్చినప్పుడు చెప్పలేదేమండీ?" అంది గంగారత్నం.

"రాయి వేయించాను కదమ్మా. రాయి మీద స్పష్టంగా రాసి ఉంది. ఆ తరవాత నువ్వెప్పుడైనా వచ్చి నన్ను అడిగావా? అడిగితే చెప్పేవాణ్ణి. ఆశగా పూజ చేసుకుంటున్నావు, చెడగొట్టడమెందుకని ఊరుకున్నాను."

"ఎంత దయండీ మీది," అన్నాను. "పూచీ నాదన్న నోటితో చచ్చిపోయాడని చెబితే మా అత్త మీ గుమ్మంలో దుమ్మెత్తి పోస్తుందని భయపడ్డారు. అదీ అసలు సంగతి. అప్పుడు చెప్పి ఉంటే ఇది నాలుగు రోజులు ఏడ్చి, మనువాడి, ఈపాటికి పిల్లల తల్లయ్యేది. మీకొచ్చేది నాలుగు తిట్లని దీని వయసంతా రాతికి పూయించారు. మనిషేనా మీరు?"

"నోరు అదుపులో పెట్టుకో. పిల్లలున్నారు," అన్నారాయన. దండ తీసి తనే ఆ రాయి మీద వేసేసి, "కార్యక్రమం అయింది, బయల్దేరండి," అన్నారు. పంతులమ్మ గారు గంగారత్నం దగ్గరికి వచ్చి ఏదో చెప్పబోయి, చేతులు జోడించి వెళ్లిపోయారు. వెంకటనరసమ్మ బిక్కముఖం వేసుకుని, "నేనేం తప్పు చదివానే?" అని పక్కపిల్లని అడుగుతోంది. తప్పు చదవలేదమ్మా నువ్వు. ఆ లంకలో ఆ రాయిని చూసి నిజం చెప్పింది నువ్వొక్కదానివే.

పిల్లలు రేవు వైపు నడిచారు. ఇంటికొచ్చిన ఆడపిల్లని బొట్టు పెట్టకుండా పంపడం మాకు లేదు. అంతసేపూ కదలని గంగారత్నం, ఒళ్లు తెలిసో తెలియకో, కుంకుమ భరిణె పట్టుకుని రేవు మెట్టు మీదికి వెళ్లింది. వెంకటనరసమ్మ దాన్ని చూసి ఆగి, ముఖం పైకెత్తింది. పంతులమ్మ గారు ఆ పిల్ల భుజం పట్టుకుని వెనక్కి లాగారు.

"వద్దులెండి, మళ్లీ ఆలస్యమవుతుంది," అన్నారు, ఎంతో మర్యాదగా. ఆవిడ కళ్లలో నీళ్లున్నాయి. అయినా లాగారు.

పడవలు కదిలాయి. ఆడవాళ్లంతా నిలబడి చూస్తున్నారు. వాళ్లందరికీ కనబడాలనే నేను గబగబా వెళ్లి గంగారత్నం ఎదురుగా నిలబడ్డాను.

"నాకు పెట్టవే రత్నం," అన్నాను.

అది కుంకుమలో వేలు అద్దింది. నా నుదుటి దాకా తెచ్చింది. అక్కడ ఆగిపోయింది.

"వద్దక్కా. బావగారింకా కొల్లేట్లోనే ఉన్నారు," అని వేలు తన చీరకే తుడిచేసుకుంది.