దేముడమ్మను అడగని మాట

చింతపల్లి రేవు నుంచి చేపల వేటకెళ్లే అసిరయ్య 2014 మే నెలలో గుండె ఆగి పోయాడు. అతని భార్య దేముడమ్మ ఏళ్లుగా విజయనగరంలో ప్రిస్కిల్లా వాళ్ల వీధికి చేపలు తెచ్చేది. విశాఖలో కంటి మీద పరిశోధన చేస్తున్న ప్రిస్కిల్లా ఆ చనువుతోనే నేత్రదానం అడగడానికి డాక్టరుతో కలిసి వాళ్లింటికి వెళ్లింది.

అసిరయ్య కళ్లపై పొర దెబ్బతింది, ఇంకొకరికి అమర్చడానికి పనికిరాదని డాక్టరు ఆమెను పక్కకు పిలిచి చెప్పాడు. "ఇంట్లోవాళ్లకు నేను చెప్తాను" అంది ప్రిస్కిల్లా. ఆమెకు కావలసింది లోపలి రెటీనా. రక్తంలో హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకున్నట్టే రెటీనా కణాల్లో న్యూరోగ్లోబిన్ అనే ప్రోటీన్ పట్టుకుంటుంది. అది ఏ పొరలో ఎంతుందో చూడాలంటే ప్రాణం పోయిన కొద్ది గంటల్లోనే మనిషి కన్ను అందాలి. ఏడాదిగా అందలేదు.

"ఆ కళ్లతో ఇంకోలు సూస్తారు గదా పాపా?" అని దేముడమ్మ ఏడుస్తూ అడిగింది.

"చూస్తారు పిన్నీ."

పరిశోధనకు వాడుకోవచ్చన్న వాక్యం చదివి వినిపించకుండానే ప్రిస్కిల్లా కాగితం మీద ఆమె వేలిముద్ర వేయించుకుంది.

ఫలితం బాగా వచ్చింది. ఆక్సిజన్ ఎక్కువ ఖర్చయ్యే పొరల్లో ఆ ప్రోటీన్ మైక్రోస్కోపు కింద పచ్చగా మెరిసింది. గైడు జ్ఞానానందం గారు మెచ్చుకున్నారు. దేముడమ్మ నెలనెలా ఎండు నెత్తళ్ల చేపలు పొట్లం కట్టి, "మా ఆయన కళ్లెట్టుకున్నోలికి ఇయ్యండి" అని ప్రిస్కిల్లా తల్లి చేతిలో పెట్టేది. తల్లి పంపిన ఆ పొట్లాలను పారేయలేక, తినలేక ప్రిస్కిల్లా హాస్టల్ వంటామెకు ఇచ్చేసేది.

జనవరిలో దేముడమ్మ బస్సెక్కి నేరుగా ల్యాబుకే వచ్చింది.

"ఒక్కపాలి ఆ మనిషిని సూపించు. దూరం నుంచే సూసి ఎల్లిపోతాను."

ఆ మనిషి ఊరు మారిపోయారని చెబుదామని నోరు తెరిచింది ప్రిస్కిల్లా. ఆ మాట మానేసి, స్టూలు లాగి ఆమెను కూర్చోబెట్టింది.

"ఎవరూ లేరు పిన్నీ. ఆ కళ్లు ఎవరికీ పనికిరావని నాకు ఆ రోజే తెలుసు. నా చదువు కోసం తీసుకున్నాను."

"కోసీసినావా?"

"కోశాను."

"ఏటి కనపడ్డాది?"

కణాలు ఆక్సిజన్‌ను ఎలా పట్టుకుంటాయో ప్రిస్కిల్లా ఏడుస్తూనే చెప్పింది. దేముడమ్మ చివరిదాకా వింది.

"సెప్పుంటే ఇద్దునో లేదో నాకే తెలీదు. అడగాల గదే! ఊరంతా సెప్పుకున్నానే, మా ఆయన ఇంకా సూస్తన్నాడని. మిగిలింది నాకిచ్చీ."

ప్రిస్కిల్లా జ్ఞానానందం గారికి ఉన్నదంతా రాసిచ్చింది. పరిశోధనల తీరును విచారించే కమిటీ ఆ కళ్ల ఫలితాలను థీసిస్ నుంచి తీసేసింది, మిగిలిన భాగాలను కుటుంబానికి అప్పగించమంది. చదువు మళ్లీ మొదటికొచ్చింది.

చింతపల్లి ఒడ్డున ప్రిస్కిల్లా చేతి నుంచి ఆ భాగాలున్న డబ్బా అందుకుని, వాటిని సముద్రంలో కలపడానికి దేముడమ్మ మరిదితో పడవెక్కింది. ప్రిస్కిల్లా కూడా కాలు పెట్టబోయింది.

"నువ్వొద్దు" అంది దేముడమ్మ.

పడవ అలలు దాటి పోయింది. ప్రిస్కిల్లా చెప్పులు చేత్తో పట్టుకుని తడి ఇసుకలో నిలబడింది.

ఆ తర్వాత నేత్రదానం అడగడానికి ఎవరింటికి వెళ్లినా, పరిశోధనకు వాడుకోవచ్చన్న ఆ వాక్యాన్నే ముందు చదివి వినిపించింది. మొదటి రెండు ఇళ్లవాళ్లు వద్దన్నారు. బొబ్బిలిలో మూడో ఇంట్లో ఒక ముసలాయన మళ్లీ చదవమన్నాడు. ఆమె మళ్లీ చదివింది, ఈసారి ఇంకా నెమ్మదిగా.