వెనక చక్రం పట్టినవాడు

తన వెనక చక్రం పట్టుకుని, అంటే దానికి జానెడు ఎడంలో తొక్కుతూ, వచ్చేవాడి బరువును కూడా ముందువాడే మోస్తాడని మా సైకిలు బృందంలో అందరూ నమ్ముతారు, ఆ నమ్మకం ఇప్పుడు భీమిలి రోడ్డు పక్కన కిలోమీటరు రాళ్ళ మీద ఊళ్ళ పేర్లకు బదులు నల్లటి అక్షరాలతో రాసి ఉంది, నేను ఒక్కొక్క రాయినీ చదువుకుంటూ తొక్కుతున్నాను. సముద్రం ఎడమ పక్కన ఉంది. విశాఖ నుంచి భీమిలికి వెళ్ళేటప్పుడు అది కుడి పక్కన ఉండాలి; ఎవరో పొరపాటున మార్చి పెట్టారు కాబోలు అనుకుని ఊరుకుంటాను. వెలుతురు తెల్లవారినట్టూ లేదు, పొద్దు వాలినట్టూ లేదు. కాళ్ళు తిరుగుతున్నాయి గాని అవి నావని చెప్పే నొప్పి ఏదీ వాటిలో లేదు.

నాకు జానెడు ముందు ఒక వెనక చక్రం తిరుగుతోంది, దాని పైన పసుపుపచ్చ జెర్సీ, కొంచెం కిందికి జారిన ఎడమ భుజం, చెవుల మీదికి పెరిగిన జుట్టు, అంటే తాతబాబు. అతను మొన్న వేసవిలో చనిపోయాడని నాకు తెలుసు. ఆ తెలియడం కూడా నా కాళ్ళలాగే ఉంది.

"ఏటి మాస్టారూ, ఇంకా నా ఎనకాలేనా" అంటాడు తల తిప్పకుండా.

"ముందు నువ్వున్నావు కదా తాతబాబూ, నేనింకెక్కడ ఉంటాను."

"పేరుకి తాతని నేను, వయసుకి తాత మీరు. నేను ముందెల్లిపోడం రూల్సు ఒప్పుకోవండి, అయినా ఎల్లిపోయాను."

నాకు నవ్వు రావలసిన చోటు అది, రాదు. అతను పోర్టులో ఇంజనీరు, నేను కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. చక్కెర వ్యాధి వచ్చినందువల్ల ఆదివారం బృందంలో చేరాను. మొదటిరోజు రుషికొండ ఎత్తు దగ్గరే అందరూ నన్ను వదిలి సాగిపోతే, మరుసటి వారం తాతబాబు వెనక్కి వచ్చి, "నా చక్రం పట్టండి మాస్టారూ, గాలి నేను కోత్తాను" అన్నాడు. ఆ వీపు చాటున జానెడు ఎడం తప్పకుండా తొక్కడం నేర్చుకున్నాను. ఏడాది తిరిగేసరికి రుషికొండ దాటాను, తరువాత మంగమారిపేట, చివరికి భీమిలి వెళ్ళి అందరితో పాటు వెనక్కి కూడా రాగలిగాను.

మా బృందంలో ఒక ఆచారం ఉంది. ముందున్నవాడు అలసిపోతే నోరు తెరిచి చెప్పడు, కుడి మోచేయి ఒకసారి ఆడిస్తాడు. వెనకనున్నవాడు కుడివైపు నుంచి ముందుకు వచ్చి గాలిని తన మీదికి తీసుకుంటాడు. తాతబాబు అందరికీ మోచేయి ఆడించాడు. నాకు ఒక్కసారి కూడా ఆడించలేదు.

రోడ్డు మా కళాశాల ప్రయోగశాల వరండాగా మారుతుంది, సైకిళ్ళు ఆగవు. గోడలకు స్ప్రింగు త్రాసులు వేలాడుతున్నాయి, ప్రతి కొక్కేనికీ ఒక తడిసిన తువ్వాలు. చివరి బల్ల మీద మా సైకిలు బృందంలోని జోగినాయుడు హెల్మెట్ పెట్టుకుని, విస్తరి ముందు కూర్చుని ఉన్నాడు. తాతబాబు పోయిన పదో రోజు భోజనాలలో తాను అన్న మాటే మళ్ళీ అంటున్నాడు: "మాస్టార్ని లాగీ లాగీ పోయాడు పాపం." ఆ రోజు ఆ మాటలో చెడు ఉద్దేశం లేదు. పక్కవాడు నిజమేనన్నాడు, ఇంకొకడు నాకు పెరుగు వడ్డించాడు. నేను అన్నం కలుపుకుని తిన్నాను. ఆ తరువాత సైకిలు ఎక్కలేదు, ఎందుకని ఇంట్లో అడిగితే మోకాలు అన్నాను.

వరండా దాటగానే మళ్ళీ రోడ్డు, ఈసారి సముద్రం రెండు పక్కలా ఉంది.

"తాతబాబూ, ఒక మాట అడుగుతాను. నిన్ను నేను అరగదీశానా?"

"జోగినాయుడు మాటేనా. ఆడు లెక్కల్లో తప్పి కామర్సులో జేరినోడండి. ఆడు చెప్పిందని మీరు తొక్కడం మానేత్తారా."

"నేను అడిగేది లెక్క కాదు. నీ గుండె."

వాతావరణం గురించి చెబుతున్నట్టు చెబుతాడు: "మా నాన్నదీ ఇలాగే నిద్రలోనే ఆగిందండి, ఇంచుమించు నా వయసులోనే. ఆయన జన్మలో సైకిలెక్కలేదు. ఆయన ఎనకాల మాస్టారెవరూ లేరు."

ఈ సంగతి నాకు ముందే తెలుసు, శ్మశానంలో అతని అన్న చెప్పాడు. కలలో మృతుడు చెప్పేదేదైనా కలగనేవాడికి ముందే తెలిసినదే అయి ఉంటుంది. ఇది కల అని నాకు ఎవరూ చెప్పకపోయినా, ఆ సూత్రం మాత్రం తొక్కుతూనే గుర్తు చేసుకుంటాను.

"అయితే నాకెప్పుడూ మోచేయి ఎందుకు ఊపలేదు? జాలిపడ్డావా?"

"జాలేటండి బాబూ. మీరెనకాలుంటే హాయిగా ఉండీది. గాలి వీపు పట్టుకుని ఎనక్కి లాగీది కాదు. అంత బాగుంటే ముందుకి రమ్మని ఎవడైనా పిలుత్తాడా."

"అది నీ భ్రమ తాతబాబూ. అంత చిన్న తేడా మనిషి కాలికి తెలియదు."

"మీకు తెలీదులెండి. మీరెప్పుడైనా ముందున్నారేటి."

అని కుడి మోచేయి ఆడిస్తాడు. ఇంత తేలికగా ఆడించగలిగిన దానిని ఇన్నాళ్ళూ దాచుకున్నాడా అనిపిస్తుంది, ఆ అనిపించడం కూడా దూరంగా, ఇంకెవరికో అనిపిస్తున్నట్టు ఉంటుంది. కుడివైపు నుంచి ముందుకు వెళతాను. పక్కకు వచ్చినప్పుడు అతని ముఖం చూడాలి, కాని పక్కకు చూస్తే చక్రం పక్కకు పోతుందని నేర్పింది అతనే, కనుక చూడను. గాలి చల్లగా లేదు, వేడిగా లేదు, బరువుగా మాత్రం ఉంది.

"జోరు పెంచకండి" అంటున్నాడు ఇప్పుడు నా వెనక నుంచి. "కొత్తగా ముందుకొచ్చినోళ్ళందరూ చేసీదదే. తల దించండి. మోచేతులు లోపలికి. అదీ, నాకు గాలి తగల్డం లేదు మాస్టారూ, బాగా కోత్తున్నారు."

"వెనక ఎలా ఉంది?" అంటాను.

నా వెనక అతని చక్రం చప్పుడు ఆగిపోయింది. రోడ్డు సముద్రంలోకి, సముద్రం తెల్లటి గోడలోకి కలిసిపోతున్నాయి, పెడలు ఇందాకటి కంటే రవ్వంత బరువెక్కింది. అంత చిన్న తేడా మనిషి కాలికి తెలియదు అని నాకు నేను మరొకసారి చెప్పుకుంటాను, వెనక్కి తిరిగి చూడకుండా తొక్కుతూ ఉంటాను.

కళ్ళు తెరిచేసరికి నేను గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాను, నా భార్య అనసూయ అరచెయ్యి నా వీపుకు ఆని ఉంది. ఎంతసేపటి నుంచి లేపుతోందో తెలియదు.

"ఆదివారం. జోగినాయుడుగారు కింద గేటు దగ్గర ఉన్నారు" అంది. "మాస్టారు వస్తారా రారా అని అడుగుతున్నారు. మోకాలని చెప్పమంటారా?"

"వస్తున్నానని చెప్పు. ఇవాళ కొంతదూరం ముందు నేనుంటాను, నా చక్రం పట్టమని చెప్పు."

ఆమె నన్ను ఒకసారి చూసి కిందికి వెళ్ళింది. నేను మంచం అంచున కూర్చుని మేజోళ్ళు వేసుకున్నాను. చనిపోయినవాడు కలలో చెప్పినంత మాత్రాన ఏ మాటా నిజమైపోదు. ఇది మాత్రం ఎవరూ చెప్పకపోయినా నిజమే: వెనక చక్రం పట్టినవాడు ముందువాడి మీద ఏ బరువూ వేయడు, పైగా అతను దగ్గరగా ఉన్నంతసేపు ముందువాడిని వెనక్కి లాగే గాలి, చాలా స్వల్పంగానైనా, తగ్గుతుంది.