నెత్తళ్ళ పక్కన మూడు రోజులు

నేను ఒక గుప్పెడు తెల్లటి పొడిని. నన్ను వంట సోడా అంటారు. ఉప్పునీళ్ళలోకి బొగ్గుపులుసు వాయువు ఊది తయారుచేశారు. ఆ గాలి నాలో ఇంకా నిద్రపోతూనే ఉంటుంది.

విశాఖపట్నంలో ఒక కిరాణా కొట్టు నుంచి నూకరత్నం చేతికి వచ్చాను. ఆమె, పోర్టులో పనిచేసే భర్త అప్పలకొండ ఒక మేడమీద వాటాలో అద్దెకుండేవారు. చెంచాతో తీసిన ప్రతిసారీ నేను రెండయ్యేదాన్ని. ఒక చోట శనగలతో నానుతూ, ఇంకో చోట మాడిన గిన్నెను కరిగిస్తూ, రెండు చోట్లా నేనే. కింద ఉండే ఇంటివారు సుభద్రమ్మగారి గులాబీలకు బూడిద తెగులు పట్టినప్పుడు, సబ్బునీళ్ళలో కలిసి ఆకుల మీద సన్నటి మంచులా కూర్చున్నాను. చాలా మంచి ఉదయం అది.

సుభద్రమ్మగారిది ఒకటే షరతు. ఇంట్లో నీచు వండకూడదు. పదకొండు నెలలకోసారి పైకి వచ్చి, వాటా అంతా చూసుకుని, అప్పుడే అగ్రిమెంటు మీద సంతకం పెడతారు. ముందున్నవాళ్ళను రొయ్యపొట్టు వాసనకే ఖాళీ చేయించారట.

ఆవిడ ఆదివారం వస్తారనగా, గురువారం భీమిలి నుంచి నూకరత్నం తల్లి ఎండు నెత్తళ్ళు పంపింది. చిటికెన వేలంత చేపలు. పొట్లం నిండా.

"పారేయే," అన్నాడు అప్పలకొండ. "ఈ అద్దెకి ఇలాటి ఇల్లు మళ్ళీ దొరకదు."

"మాయమ్మ ఎండలో కూకుని ఎండబెట్టింది. నాను పారేయను."

పొట్లం ఫ్రిజ్‌లోకి వెళ్ళింది. గంటలో కంపు గది దాటింది. అప్పుడు నన్నొక గిన్నెలో పోసి, పొట్లం పక్కన పెట్టి, తలుపు మూసింది.

మూడు రోజులు. చీకటి, చలి, నెత్తళ్ళు. వాటి ఊపిరి మెల్లగా నాలో ఇంకింది. తడి వలలు, వేడెక్కిన ఇసుక, ఎండలో మెరిసే వెండి పొట్టలు. నేనెన్నడూ చూడనివన్నీ నాకు కలలోకి వచ్చాయి.

ఆదివారం పొద్దున్న పొట్లం అప్పలకొండ స్కూటర్ డిక్కీలోకి మారింది. ఫ్రిజ్‌లో వాసన లేదు. ఇంత సోడా పారబోయడానికి నూకరత్నానికి చేతులు రాలేదు. నన్ను మళ్ళీ డబ్బాలో పోసేసింది. వాసన పోయిందని మనుషులు సంబరపడతారు. ఎక్కడికి పోయిందని అడగరు.

సాయంత్రం సుభద్రమ్మగారు వచ్చారు. వంటగది చూశారు. ఫ్రిజ్ తెరిచి ముక్కు ఎగబీల్చారు. ఏమీ లేదు. కాగితం బల్ల మీద పెట్టి కలం తీశారు.

"కూకోండమ్మగారూ, వేడిగా అరటికాయ బజ్జీలేస్తాను!" అంది నూకరత్నం ఆ సంతోషంలో.

పిండిలో చిటికెడు నేను పడ్డాను. కేక వేయాలనిపించింది. కానీ బుడగలు తప్ప నాకు నోరు లేదు.

సుభద్రమ్మగారు ఒకటి కొరికారు. నమలడం ఆపారు. కలం పక్కన పెట్టారు.

"ఇది నెత్తళ్ళ వాసన."

అప్పలకొండ గోడకు చేరగిలబడ్డాడు.

"ఒట్టండి, నానేటీ వండలేదు. సోడాని ఫ్రిజ్‌లో..." నూకరత్నం అంటూనే ఆగిపోయింది. కళ్ళు చిన్నవి చేసి చూసింది. "అవునుగానీ అమ్మగారూ, నెత్తళ్ళేనని మీకెలా తెలిసిందండీ? రొయ్యలు కావచ్చు కదా? సావిడాయ చేపలు కావచ్చు కదా?"

కింద వరండాలో సుభద్రమ్మగారి భర్త పేపరు తిప్పిన చప్పుడు వినిపించింది. ఆవిడ లేచి వెళ్ళి మెట్ల వైపు తలుపు దగ్గరగా వేసి వచ్చారు.

"పెళ్ళికి ముందు వారానికి రెండుసార్లు తినేదాన్నే," అన్నారు గొంతు తగ్గించి. "నలభై ఏళ్ళయింది. ఆయన చెవిన పడిందో, నిన్ను నిజంగానే ఖాళీ చేయిస్తాను."

సంతకం పెట్టేశారు. కాగితం మీద నూనె వేలిముద్ర కూడా పడింది. మిగిలిన ముక్క నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నారు. ఆ నాలుక మీద నేను నిదానంగా కరిగాను. నన్ను అంతసేపు ఎవరూ ఉంచుకోలేదు.

"ఇంకో రెండు వెయ్యవే," అన్నారు కళ్ళు తెరవకుండానే. "సోడా మాత్రం ఆ డబ్బాలోదే వెయ్యి."