షట్టరు రెండో కొస

మా క్రైస్తవుల ఊరు కరకోష్‌కు తిరిగొచ్చిన నాడు నా చేతిలో ఉన్నది కొట్టు తాళంచెవి ఒక్కటే. దాని జోడు అన్నయ్య గోర్గీస్ దగ్గర ఉండిపోయింది. నల్లజెండాల ఉగ్రవాదులు వస్తున్నారని చర్చి గంటలు మోగి ఊరంతా పారిపోతుంటే, కొట్టు మూసి వస్తానని అన్నయ్య ఒక్కడే వెనక్కి వెళ్ళాడు. మళ్ళీ ఎవరికీ కనబడలేదు.

మాది నువ్వులు మరపట్టి, ఆ చిక్కటి ముద్దని, రాషిని, అమ్మే కొట్టు. దాని ఇనుప షట్టరు పట్టాలు ఏనాడో ఒంగిపోయాయి. ఎత్తాలన్నా దించాలన్నా చెరో కొసా ఇద్దరు పట్టాల్సిందే; లేకపోతే ఒరిగి బిగుసుకుపోతుంది. మూడేళ్ళ తర్వాత వచ్చి చూస్తే, దొంగలు వెనక గోడ పగలగొట్టి సరుకంతా ఊడ్చుకుపోయారు. ముందు షట్టరు మాత్రం నేల దాకా దిగి, తాళం వేసి ఉంది. అది చూసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

కొట్టు కొంటానని అర్బీల్ పట్నం నుంచి ఒకాయన వచ్చి టీకొట్లో కూర్చున్నాడు. "ఒక్కణ్ణే ఎత్తగలిగితే ఉండిపోతా, లేకుంటే అమ్మేస్తా" అని దేవుడికి చెప్పి, తాళం తీసి, మధ్యలో పట్టి లాగాను. జానెడు లేచి ఒరిగిపోయింది.

"దేవుడితో కూడా బేరమేనా మత్తీ?" అంది వెనక నుంచి వదిన షమూనీ.

"నవ్వకు వదినా. అన్నయ్య ఒక్కడే దీన్నెలా దించాడు? రెండో కొస ఎవరు పట్టారు?"

"ఆయన రోజూ ఏమనేవాడు?"

"'ప్రభువా, ఆ కొస నువ్వు పట్టు' అనేవాడు. ఆ కొసన నేనుండగానే! మరి నేనెందుకు దండగ అని గొణుక్కునేవాణ్ణి."

"నీ బలమెంతో మీ అన్నయ్యకు తెలుసు కదా. జరుగు."

"ఈ సన్నటి చేతులతోనా? నీ వల్ల కాదు."

"నా చేతుల్ని నమ్ముకోమని ఎవరన్నారు? ఆ మాట అను."

అన్నాను. నా కొసకు జరిగి ఎత్తాను. షట్టరు కిర్రుమంటూ, ఎక్కడా ఒరగకుండా, సమంగా నెత్తి పైదాకా లేచింది. గోడ కంతలోంచి గాలి వీచి పాత నువ్వుల వాసన మొహానికి కొట్టింది. అన్నయ్య చొక్కా వాసన అదే.

వదిన తన అరచేతులు చూసుకుంటోంది. వాటికి తుప్పు అంటలేదు.

"నేనింకా గట్టిగా పట్టుకోనేలేదు," అంది మెల్లగా.

అర్బీలాయన్ని పంపించేశాను. ఇప్పుడు రోజూ పొద్దున్నే ఆ మాట అనే ఎత్తుతాను. వదిన తన కొసన వేళ్ళు ఆనించి నిలబడుతుంది. పక్కకు తిరిగి చూసే ధైర్యం నాకింకా రాలేదు.

చివరికి తేలిన లెక్క ఇది. అన్నయ్య పోయాడు, సరుకు పోయింది. మిగిలింది ఒక తాళంచెవి, కంత పూడ్చిన కొట్టు, నా వంతు సగం బరువు. ఆనాడు షట్టరు దించేటప్పుడు అన్నయ్య ఒంటరిగా లేడు. నాకొచ్చిన లాభం అదే.